‘కారణం’ అని రాసే ముందు

అమ్మాయీ,

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) మీద, మన జన్యువుల్లోని పాత వైరస్ అవశేషాలే దానికి కారణమంటూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చెయ్యి తిరుగుతోంది. ‘మన జన్యువుల్లో దాగిన శత్రువు’ అన్న శీర్షిక మాత్రం కొట్టెయ్యి.

మన జన్యుపదార్థంలో దాదాపు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల (తమ జన్యువులను మన కణాల జన్యువుల్లోకి చొప్పించే వైరస్‌ల) అవశేషాలే. కోట్ల ఏళ్లుగా తరం నుంచి తరానికి దిగివచ్చాయవి. చాలావరకు చితికిపోయాయి, కొన్నిటిని ఒళ్లు పనిలో పెట్టుకుంది. ఆ అవశేషాల్లో హెర్వ్-డబ్ల్యూ అనే కుటుంబం నుంచి వచ్చిన సిన్‌సిటిన్-1 జన్యువునే చూడు. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయలో కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడానికి అది తోడ్పడుతుంది. మరి శత్రువంటే ఎలా?

అదే కుటుంబం ఈ జబ్బు కథలోనూ ఉంది. 1989లో ఫ్రాన్స్‌లో ఎర్వే పెరాన్ బృందం ఒక రోగి కణాల్లో రెట్రోవైరస్ లాంటి రేణువులను చూసింది. తర్వాత హెర్వ్-డబ్ల్యూ పైపొర ప్రోటీన్ రోగుల మెదడు మచ్చల్లోనూ కనిపించింది. నువ్వు ఇక్కడితో ఆపేశావు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది! ఆ ప్రోటీన్‌ని పట్టుకునే టెమెలిమాబ్ అనే యాంటీబాడీని 270 మంది మీద పరీక్షించారు. 24 వారాలకు ఎంఆర్ఐలో కొత్త వాపు మచ్చలు తగ్గాలన్నది ప్రధాన లక్ష్యం. తగ్గలేదు. మెదడు కుంచించుకుపోవడం కాస్త నెమ్మదించిన సూచనలు మాత్రం దొరికాయి. ఈ రెండూ రాయాలి, ఇదే వరసలో.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఇక్కడ ఏది నిప్పో తేలలేదు. వాపు వల్ల కూడా ఈ జన్యువులు మేలుకుంటాయి. మనలో చాలామందికి సోకే ఎప్‌స్టైన్-బార్ అనే వైరస్ వాటిని తట్టిలేపడం ప్రయోగశాలలో చూశారు. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులతో 2022లో వచ్చిన అధ్యయనంలో, ఆ వైరస్ సోకాక ఈ జబ్బు ముప్పు 32 రెట్లు పెరిగింది. అయినా అది సోకినవాళ్లలో అత్యధికులకు ఈ జబ్బు రాదు. కాబట్టి ‘కారణం’ అన్నచోటల్లా ‘పాత్ర ఉండొచ్చు’ అని మార్చు. వాక్యం చప్పబడుతుంది, పడనీ.

నీ వయసులో నేనూ ఒక జబ్బుకి ‘మూలం దొరికింది’ అని రాశాను. వారం తిరక్కుండా ఇన్లాండ్ లెటర్ వచ్చింది, ఒక తల్లి నుంచి. ‘అయ్యా, మందు ఏ ఊళ్లో దొరుకుతుంది?’ అని ఒక్కటే ప్రశ్న. జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

సరిచేసిన ప్రతి ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు