చదువుల పేజీ: ఇంగ్లీషు ఇడియమ్స్ పిల్లలకు పట్టుబడేదెలా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. బళ్లో రెండు వందల ఇడియమ్స్ జాబితా ఇచ్చి నేర్చుకోమన్నారు. అర్థాలైతే గడగడా అప్పజెబుతాడు. సొంతంగా వాక్యం రాయమంటే మాత్రం ‘మై మదర్ గేవ్ మీ ఎ పీస్ ఆఫ్ కేక్’ అని రాశాడు. ఎట్లా దారికి తేవాలి?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఆ వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు, కేకు ముక్క ఇచ్చారంటే ఇచ్చినట్టే. చిక్కంతా జాబితాతోనే. ‘పీస్ ఆఫ్ కేక్ అంటే చాలా సులువు’ అని అందులో ఉంటుంది గానీ, ఆ మాట ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారో ఉండదు. అది తెలియని పిల్లవాడు మాటల్లో కనబడే కేకునే పట్టుకుంటాడు.

జాబితాను కొన్నాళ్లు పక్కన పెట్టించండి. వారానికి నాలుగు చాలు. ముప్ఫై వారాలు సాగినా నూట ఇరవై అవుతాయి, ఈ వయసుకు అది తక్కువేం కాదు. నోటుబుక్కులో పేజీకి ఒక్కటే రాయాలి. పేజీ పైభాగాన ముందు సందర్భం: లెక్కల పరీక్ష రాసి నవ్వుతూ బయటికొచ్చిన పిల్లవాణ్ణి స్నేహితుడు ‘పేపరు ఎట్లుంది?’ అంటే, ‘ఇట్ వాజ్ ఎ పీస్ ఆఫ్ కేక్’ అన్నాడు. దీని అర్థం ఏమై ఉంటుందో మీ అబ్బాయే ఊహించి పెన్సిల్‌తో రాయాలి. ఆ తర్వాతే డిక్షనరీ తీసి అసలు అర్థం పెన్నుతో. ఊహ తప్పినా నష్టం లేదు, తప్పి దిద్దుకున్నది బాగా గుర్తుంటుంది. దాని కింద తెలుగులో మనం అనే మాట, ఇక్కడైతే ‘నల్లేరు మీద నడక’. అట్టడుగున సొంత వాక్యం.

సొంత వాక్యాన్ని పరీక్షించడానికి తేలిక మార్గం ఉంది. ఇడియం తీసేసి ఆ చోట దాని అర్థం పెట్టి చదివించండి. ‘ద టెస్ట్ వాజ్ వెరీ ఈజీ’ నిలబడుతుంది. ‘మై మదర్ గేవ్ మీ వెరీ ఈజీ’ కుప్పకూలుతుంది. రెండు మూడుసార్లు చేస్తే తేడా వాడికే తగులుతుంది.

మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు, మళ్లీ నెలకు అడగండి. అడిగేటప్పుడు ఇడియం చెప్పి అర్థం అడగడం తేలిక. సందర్భం చెప్పి ఇడియం అడగడమే అసలు పరీక్ష. ఒకే అర్థమున్న రెండింటిని మాత్రం ఒకే వారంలో పెట్టకండి. ‘స్పిల్ ద బీన్స్’, ‘లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్’ రెండూ గుట్టు బయటపెట్టడమే. కలిపి నేర్పితే ‘స్పిల్ ద క్యాట్’ అనే పిల్లలు తయారవుతారు.

ప్రశ్న: తెలుగు జాతీయాలతో జతచేసి చెబితే పిల్లలకు ఇంగ్లీషు అబ్బదని తోటి టీచర్లు అంటున్నారు. నిజమేనా?
– ఇంగ్లీషు టీచర్, ఆదోని

జవాబు: నిజం కాదు. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

కొన్ని ముక్కకు ముక్క కలుస్తాయి. పెడచెవిన పెట్టడం ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’, అగ్నికి ఆజ్యం పోయడం ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్’. వీటికి ఐదు నిమిషాలు చాలు. మరికొన్నింటిలో భావం ఒకటే, బొమ్మ వేరు. గోరంతను కొండంత చేయడాన్ని వాళ్లు ‘మేక్ ఎ మౌంటెన్ అవుట్ ఆఫ్ ఎ మోల్‌హిల్’ అంటారు. మోల్ అనేది నేల తవ్వే చిన్న జంతువు, మన వైపు ఉండదు. పందికొక్కు బొరియ దగ్గర తోడిపోసిన మట్టికుప్పను గుర్తు చేస్తే పిల్లలకు చప్పున అందుతుంది.

పీరియడ్‌లో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది మూడో రకానికి: మాటలు తెలుగులా కనిపించి అర్థం అడ్డం తిరిగేవి. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ అంటే సరదాకు ఆటపట్టించడం. మన దగ్గర కాళ్లు పట్టి లాగడమంటే ఎదిగేవాణ్ణి కిందికి దించడం. ‘బ్రేక్ ఎ లెగ్’ స్టేజీ ఎక్కబోయేవాళ్లకు చెప్పే శుభాకాంక్ష. మన ఊళ్లో కాళ్లు విరగ్గొడతానంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు! ‘ఈట్ యువర్ వర్డ్స్’ అంటే అన్నమాట తప్పని ఒప్పుకోవడం; తెలుగులో మాట మింగేయడమంటే నోటిదాకా వచ్చింది అనకుండా ఆపుకోవడం. ఇలాంటివి బోర్డు మీద పక్కపక్కన రాసి, రెండింటికీ చిన్న సంభాషణ చెప్పించండి. తెలుగు వైపు సాయం కావాలంటే బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తిరగేయండి. కడపలో ఉద్యోగం చేసిన ఆ దొర, మాట కింద దాని వాడుకలు కూడా ఇచ్చాడు.

ప్రశ్న: ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’లో చందమామ నిజంగా నీలంగా ఉంటుందా? కుండపోత వానను ‘ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే పాతకాలపు మాటని మా అన్న నవ్వుతున్నాడు.
– ఎనిమిదో తరగతి విద్యార్థి, గుంతకల్లు

జవాబు: రంగు మారదు. పున్నమికీ పున్నమికీ మధ్య దాదాపు 29న్నర రోజులు. అందుకే ఎప్పుడో ఒకసారి ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పున్నములు పడతాయి. రెండోదాన్ని బ్లూ మూన్ అంటున్నారు. 2023 ఆగస్టు 31న వచ్చింది అదే. రెండు మూడేళ్లకోసారి వస్తుంది కాబట్టి ‘చాలా అరుదుగా’ అన్న అర్థానికి సరిపోయింది. మనం ‘అమాసకో పున్నానికో’ అంటాం. లెక్కకు అది నెలకు రెండుసార్లు, అయినా అర్థం అరుదనే!

వాన సంగతి మీ అన్న చెప్పిందే నిజం. ఇంగ్లీషువాళ్లు ఈ రోజుల్లో దాన్ని పెద్దగా అనరు, ‘ఇట్స్ పోరింగ్’ అంటారు. పరీక్షలో అర్థం అడిగితే రాయి, కబుర్లలో వద్దు.

ప్రశ్న: లీవ్ లెటర్‌లో ‘ఐ యామ్ అండర్ ద వెదర్’ అని రాస్తే మా అమ్మాయికి మార్కు తగ్గించారు. తప్పా?
– ఒక తండ్రి, కడప

జవాబు: అర్థం సరే, చోటు సరికాదు. అది ఒంట్లో నలతగా ఉందని స్నేహితులతో అనుకునే మాట. హెడ్మాస్టరుకు ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని సూటిగా రాయాలి. ‘కిక్ ద బకెట్’ ఇంకా జాగ్రత్త. చనిపోవడమనే అర్థమే గానీ వెటకారంగా ఉంటుంది, పోయినవాళ్ల ఇంటివాళ్ల ముందు అనకూడదు.

ఇంకో చోట కూడా మార్కులు పోతుంటాయి. ఇడియంలో క్రియ కాలాన్ని బట్టి మారుతుంది, ‘మై’, ‘హిజ్’ లాంటివి మనిషిని బట్టి మారతాయి, మిగతా మాటలు కదలవు. ‘హి కిక్డ్ ద బకెట్’ సరే. దాన్నే ‘ద బకెట్ వాజ్ కిక్డ్’ అని తిప్పితే బకెట్టును తన్నారనే అర్థం. ‘అండర్ ద వెదర్’లో ‘ద’ తీసేసినా, ‘పీసెస్ ఆఫ్ కేక్’ అని బహువచనం చేసినా మార్కు పోతుంది. అమ్మాయి నోటుబుక్కులో మారే మాట కింద ఎర్ర గీత గీయించండి.