పొద్దున్నే నడుస్తుంటే ఛాతీలో మంట.. గ్యాసేనా?

ప్రశ్న: నా వయసు 49. ఆఫీసు టైమ్ కుదరక ఉదయం 5 గంటలకే బయల్దేరి వారాసిగూడ, సీతాఫల్‌మండి, చిలకలగూడ వీధుల్లో గంటసేపు నడుస్తాను. పరగడుపున నడవాలా, టీ తాగి నడవాలా? ఆ వేళ వీధులు ఊడుస్తుంటారు, దుమ్ముకు మాస్క్ పెట్టుకోవాలా? షుగర్‌కు మూడేళ్లుగా మందులు వాడుతున్నాను. నెల రోజులుగా ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు ఛాతీలో మంటగా, పట్టేసినట్టు ఉంటోంది. రెండు నిమిషాలు ఆగితే పోతుంది. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

డాక్టర్ సలహా: టీ సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో మాటవరసకు రాసిన ఆ మంట గురించి ముందు మాట్లాడాలి.

గ్యాస్‌కు ఎత్తూ పల్లం తెలియదు. అది ఎక్కువగా తిన్నాక వస్తుంది, పడుకుంటే పెరుగుతుంది. నడిస్తే వచ్చి, నిలబడితే పోయేది గుండె కండరానికి రక్తం చాలకపోవడం వల్ల కావచ్చు. దాన్ని యాంజైనా అంటాం. మీకు అదేనని చూడకుండా చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ 49 ఏళ్లు, పైగా షుగర్. కాదని తేలేదాకా గుండెదే అనుకోవాలి.

ఈ గ్యాస్ మాత్రలతోనే నా గొడవంతా. ఓపీలో ఏం వాడుతున్నారని అడిగితే చొక్కా జేబులోంచి సగం ఖాళీ అయిన స్ట్రిప్ తీసి బల్ల మీద పెడతారు. ఎవరు రాశారంటే మెడికల్ షాపు అబ్బాయి. నొప్పి ఎక్కడంటే వేలితో చూపించరు, పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో ఆనిస్తారు. ఆ పిడికిలి చూస్తే మాకు టెన్షన్. మీ విషయమే చూడండి. ఆగారు, రెండు నిమిషాల్లో పోయింది, పేరు మాత్రకొచ్చింది. మింగిన మాత్ర అంత త్వరగా పనిచేయదండీ. ఇలాగే నెల గడిపేశారు.

ఆదివారం దాకా ఆగకుండా రేపే కార్డియాలజిస్టును కలవండి. అప్పటిదాకా వాకింగ్ బంద్. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగానే ఉన్నా రక్తనాళాల్లో పూడికలు ఉండొచ్చు కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. అలాగని మీ అంతట మీరు ల్యాబ్‌కు వెళ్లి టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) చేయించుకోవద్దు. అది ఎప్పుడు, ఎవరికి చేయాలో డాక్టర్ చెప్పాలి.

ఊరికే కూర్చున్నప్పుడు మంట వచ్చినా, పది నిమిషాలకూ తగ్గకపోయినా, చెమటలు పట్టినా, చేతికో దవడకో లాగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బైక్ మీద సొంతంగా బయల్దేరొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి నొప్పే తెలియదు, ఆయాసం మాత్రమే వస్తుంది.

ఇక టీ. షుగర్‌కు ఏ మందో రాయలేదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో అయితే పరగడుపున నడిచినప్పుడు షుగర్ పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. మాస్క్ పెట్టుకోవచ్చు, ఊడుస్తున్న వీధి వదిలి పక్క వీధిలో వెళ్తే ఇంకా మేలు. ఇదంతా డాక్టర్ నడవొచ్చు అన్నాకే. వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టులతో పాటు ఆ గ్యాస్ మాత్రల స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.