పబ్బులో వీగన్ బ్రంచ్: ఆర్డర్ చెప్పే ముందు అడగాల్సినవి

ప్రశ్న: బ్రిటన్‌కి కొత్తగా వచ్చాం. ఆఫీసు వాళ్ళు ఆదివారం పబ్బులో బ్రంచ్‌కి రమ్మంటున్నారు. మేం గుడ్డు ముట్టం, పాలూ పెరుగూ మానేశాం. అక్కడ మాకు తినడానికి ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది. ముందు ఒక మాట దగ్గర జాగ్రత్తపడాలి. మన ఇళ్ళల్లో "వెజ్" అంటే గుడ్డు లేనిదనే అర్థం. ఇక్కడ వెజిటేరియన్ అంటే మాంసం, చేప లేనిది, అంతే. గుడ్డు, వెన్న, చీజ్ అందులో భాగమే. "ప్యూర్ వెజ్" అంటే చాలామందికి అర్థం కాదు. అందుకే పాలు తాగేవాళ్ళు కూడా గుడ్డు పడదనుకుంటే వీగన్ (మాంసం, చేప, గుడ్డు, పాలు, తేనె, ఏ జంతు పదార్థమూ లేనిది) అని అడగడమే మేలు. ఆ మాట 1944లో వీగన్ సొసైటీతో పాటు పుట్టింది ఈ దేశంలోనే కాబట్టి పల్లెటూరి పబ్బులోనూ తెలుస్తుంది.

మెనూలో సాధారణంగా "వి" వెజిటేరియన్‌కి, "వీఈ" వీగన్‌కి గుర్తు. అన్ని పబ్బులూ ఒకే అక్షరాలు వాడవు, మెనూ అడుగున ఉన్న వివరణ చూడండి. "వీగన్ ఆప్షన్ అవైలబుల్" అని రాసి ఉంటే ఆ వంటకం వీగన్ అని కాదు, అడిగితే మార్చి ఇస్తారని. ఆర్డర్ ఇచ్చేటప్పుడు చెప్పకపోతే మామూలుదే వస్తుంది.

ఎంపిక మీ చేతిలో ఉంటే మొదటిసారి గొలుసు పబ్బుకి (ఒకే కంపెనీ చాలా ఊళ్ళలో నడిపేదానికి) వెళ్ళండి. ఏ శాఖలోనైనా అవే సరుకులు, ఏ పదార్థంలో ఏముందో ఆప్‌లోనే రాసి ఉంటుంది. సొంతంగా నడిచే పబ్బులో రుచి బాగుండవచ్చు, వంటవాళ్ళు మీ కోసం మార్చి వండనూవచ్చు, కానీ ముందుగా ఫోన్ చేయాలి. వారం మధ్యలో, మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక చేస్తే వంటగదిలో కనుక్కుని చెప్పే తీరిక ఉంటుంది. మూడు ప్రశ్నలు చాలు: వీగన్ సాసేజ్ ఏ కంపెనీది, పుట్టగొడుగులు నూనెలో వేయిస్తారా వెన్నలోనా, వేపుళ్ళకి విడిగా ఫ్రైయర్ ఉందా. కొన్ని పబ్బుల్లో వంటగదే ఉండదు, చిప్స్ పొట్లాలు తప్ప ఏమీ దొరకవు. అదీ ఫోన్‌లోనే తేలిపోతుంది.

ఇక ఫుల్ ఇంగ్లిష్ బ్రేక్‌ఫస్ట్ ప్లేటు. బేకన్, గుడ్లు, పంది రక్తంతో చేసే బ్లాక్ పుడ్డింగ్ పక్కన పెడితే మిగిలేవి బీన్స్, హ్యాష్ బ్రౌన్ (బంగాళాదుంప తురుముతో చేసే వేపుడు), టమాటా, పుట్టగొడుగులు, టోస్ట్, ఆ పైన వీగన్ సాసేజ్. టమాటా సాస్‌లోని డబ్బా బీన్స్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు. సాసేజ్ దగ్గర కంపెనీ పేరు అడగాలి. లిండా మెకార్ట్నీ ఒరిజినల్ సాసేజ్ వీగనే. క్వార్న్ అంటే మాత్రం ఆగండి, ఆ కంపెనీ సరుకుల్లో కొన్నిటిలో గుడ్డు తెల్లసొన ఉంటుంది, కొన్ని వీగన్. పుట్టగొడుగులే ఎక్కువగా మోసం చేస్తాయి. చూడటానికి నిక్షేపంగా ఉంటాయి, వేయించింది వెన్నలో. టోస్ట్ మీద కూడా అడక్కుండానే వెన్న రాసేస్తారు. "డ్రై టోస్ట్" అని చెప్పి జామ్ గానీ మార్మైట్ (ఈస్ట్‌తో చేసిన ఉప్పటి పూత) గానీ అడగండి. బ్రెడ్ మామూలుదో సోర్‌డోనో (పులిసిన పిండితో చేసింది) అయితే సాధారణంగా ఫరవాలేదు. బ్రియోష్ అంటే గుడ్డూ వెన్నా కలిపిన పిండి, వద్దనండి. "బబుల్ అండ్ స్క్వీక్" అని బంగాళాదుంప, క్యాబేజీ కలిపి కాల్చేది ఉంటుంది. పేరు విని ఆశపడకండి, వెన్నో బేకన్ కొవ్వో తగిలి ఉండవచ్చు.

హ్యాష్ బ్రౌన్‌లో ఉండేది దుంపే. కానీ చాలాచోట్ల చేప, రొయ్యలు వేగిన నూనెలోనే దాన్నీ వేస్తారు. ఉత్తర ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా యార్క్‌షైర్ వైపు, చిప్స్ (వేడివేడిగా వేయించిచ్చే లావు దుంప ముక్కలు) గొడ్డు కొవ్వులో వేయించే అలవాటు ఇంకా ఉంది. మన ఇళ్ళల్లో చాలామందికి ఇది చిన్న విషయం కాదు. మొహమాటపడకుండా అడగండి. విడి ఫ్రైయర్ లేదంటే హ్యాష్ బ్రౌన్ ఓవెన్‌లో చేసివ్వమనండి. సాసేజ్ కూడా బేకన్ కాలిన పెనం మీద కాకుండా ఓవెన్‌లోనే పెట్టమనవచ్చు.

మెనూలో వీగన్ ప్లేటు లేకపోతే సైడ్స్ నుంచి కూర్చుకోవాలి. రెండు డ్రై టోస్ట్‌లు, రెండింతలు బీన్స్, నూనెలో వేయించిన పుట్టగొడుగులు, రెండు గ్రిల్డ్ టమాటాలు. బీన్స్ సగం డబ్బా, అంటే 200 గ్రాములు, తింటే దాదాపు 9 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. అవకాడో ఉంటే ఒక టోస్ట్ మీదికి. టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) స్క్రాంబుల్ దొరికితే సంతోషమే. పసుపు వేసి గుడ్డు పొరుటులా చేస్తారు, మంచి వంటవాళ్ళు మన నల్ల ఉప్పు కూడా చల్లుతారు, గుడ్డు వాసన దాంతోనే. ఉప్పుకారాలు చాలకపోతే టబాస్కో అనే మిరపకాయ సాస్ అడగండి. వుస్టర్‌షైర్ సాస్ వద్దు, దాని పేరున్న బ్రాండు లీ అండ్ పెరిన్స్‌లో ఆంకోవీ చేపలుంటాయి. బ్లడీ మేరీ అనే కాక్‌టెయిల్‌లో పోసేదీ ఆ సాసే. అలాంటిదే, చేప లేని షెఫీల్డ్ సాస్ హెండర్సన్స్ రెలిష్ అయితే నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఎంత అడిగినా సందేహం తీరకపోతే అలర్జెన్ (అలర్జీ కలిగించే పదార్థాల) పట్టిక చూపించమనండి. 14 రకాల అలర్జెన్ల వివరం చట్ట ప్రకారం ఇచ్చి తీరాలి. అందులో పాలు, గుడ్డు, చేప గళ్ళు చూడండి. తేనె, జెలటిన్, మాంసం కొవ్వు మాత్రం ఆ పట్టికలో కనపడవు, విడిగా అడగాలి. ఇంట్లో ఎవరికైనా పాల అలర్జీ ఉంటే వీగన్ గుర్తు ఒక్కటే నమ్మకండి, అలర్జీ సంగతి వేరుగా చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి తినని కార్తీక సోమవారాల్లాంటి రోజుల్లో సాసేజ్ జోలికి పోకపోవడమే మంచిది.

చాలాచోట్ల బ్రంచ్ 11.30కో 12కో ముగిసి సండే రోస్ట్ (ఆదివారం కాల్చిన మాంసంతో పెట్టే భోజనం) మొదలవుతుంది. అప్పుడు వెళ్తే కష్టం. రోస్ట్‌తో వచ్చే పొంగిన రొట్టె లాంటి యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డూ పాలూ ఉంటాయి, దుంపలు బాతు కొవ్వులోనో గొడ్డు కొవ్వులోనో వేగి ఉండవచ్చు, గ్రేవీ మాంసం రసంతో చేసింది కావచ్చు. మాంసం బదులు గింజలతో చేసే నట్ రోస్ట్ కూడా గుడ్డుతో కట్టి ఉండవచ్చు. అందుకే 10 నుంచి 11 మధ్య చేరుకోండి.

బీరు తాగేవాళ్ళు కాస్క్ ఏల్ (పీపాలోంచి నేరుగా పోసే సంప్రదాయ బీరు) తేర్చడానికి తరచుగా చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారని గుర్తుంచుకోండి. దీన్ని అలర్జెన్‌గా రాయాలన్న నియమం లేదు. గిన్నిస్ వాళ్ళు వాడటం మానేశారు. మిగతావాటికి, ఏ మద్యం వీగనో చెప్పే బార్నివోర్ సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. టీతో పాటు పాలు వస్తాయి, ఓట్ మిల్క్‌కి కొన్నిచోట్ల అదనంగా తీసుకుంటారు.

చాలా పబ్బుల్లో బల్ల దగ్గరికి ఎవరూ రారు. బల్ల నంబరు చూసుకుని బార్ దగ్గరికెళ్ళి ఆర్డర్ ఇచ్చి అక్కడే డబ్బు కట్టాలి. ఆర్డర్ చివర "వీగన్, నో బటర్ ఆన్ ద టోస్ట్, మష్రూమ్స్ ఇన్ ఆయిల్ ప్లీజ్" అని చెప్పి, వాళ్ళు అది టిల్‌లో (బిల్లు మిషన్‌లో) టైప్ చేసేదాకా అక్కడే ఉండండి. నోటితో విన్నది వంటగదికి చేరకపోవచ్చు, చీటీ మీద పడింది చేరుతుంది.