పాఠకుల ప్రశ్నలు: మామిడి కంపోట్, మెత్తని చీజ్, కరకరలాడే టోస్ట్

ప్రశ్న: మా పిల్లలు ఒక హోటల్లో తిన్న టోస్ట్‌ను ఇంట్లో చేయమని అడుగుతున్నారు. కాల్చిన బ్రెడ్ మీద తెల్లని మెత్తటి చీజ్ పూసి, దానిపై ఉడికించిన పండ్ల ముక్కలు వేసి ఇచ్చారట. నేను బేనీషా మామిడి ముక్కలను చక్కెరతో ఉడికిస్తే అవి కరిగి జామ్‌లా తయారయ్యాయి. అంగట్లో దొరికే చీజ్ క్యూబులను తురిమి వేస్తే ఉప్పగా ఉంది. పైగా తినేలోపే బ్రెడ్ నానిపోయింది. ఎలా చేయాలో వివరంగా చెప్పగలరా?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: ముందు పండు సంగతి చూద్దామండి. బేనీషా కోసుకుని తినడానికి ఎంత బాగుంటుందో ఉడికించడానికి అంత అనువుగా ఉండదు, ఎందుకంటే బాగా మాగిన పండు కండ వేడి తగిలిన కొద్ది నిమిషాలకే విడిపోతుంది. మన వైపు బెంగుళూరా అని పిలుచుకునే తోతాపురి అలా కాదు. ముక్కు తేలిన ఆ పండు కండ గట్టిగా ఉంటుంది, తీపితోపాటు పులుపు కూడా ఉంటుంది, ఉడికినా ముక్క ముక్కగానే నిలుస్తుంది. చిత్తూరు ప్రాంతపు గుజ్జు పరిశ్రమలు టన్నులకొద్దీ కొనే ఈ కాయను ఇళ్ళలో మాత్రం ఉప్పూకారం అద్దుకుని తినడానికే వాడుకుంటున్నాము. నా అభిప్రాయంలో కంపోట్‌కు, అంటే ముక్కలు చెదరకుండా చక్కెరతో ఉడికించిన పండుకు, ఇంతకంటే తగిన మామిడి లేదు. పసుపు రంగు తిరిగి, వేలితో నొక్కితే ఇంకా కొంచెం గట్టిగా తగిలే పండును ఎంచుకోండి.

జామ్‌కూ కంపోట్‌కూ తేడా చక్కెరలోనూ, ఉడికించే సమయంలోనూ ఉంది. జామ్‌లో పండుతో దాదాపు సమానంగా చక్కెర వేసి, అది గట్టిపడి నెలల తరబడి నిలువ ఉండేదాకా ఉడికిస్తారు. కంపోట్‌లో చక్కెర పండులో ఐదో వంతు చాలు, పండు తన ఆకారాన్నీ రుచినీ పోగొట్టుకోకూడదు. అరకిలో ముక్కలకు 100 గ్రాముల చక్కెర, రెండు చెంచాల నిమ్మరసం, చిటికెడు ఉప్పు కలిపి అరగంట మూతపెట్టి ఉంచితే, చక్కెర పండులోని నీటిని బయటికి లాగుతుంది. ఇక్కడే అసలు కిటుకు ఉంది: ఊరిన ఆ రసాన్ని మాత్రమే ముందుగా స్టీలు గిన్నెలోకి వంచుకుని, సగానికి సగం ఇగిరి చెంచాకు అంటుకునేంత చిక్కబడే వరకు మరిగించండి. ఆ తర్వాతే ముక్కలు వేసి, సన్నని మంటపై ఆరేడు నిమిషాలు, గరిటెతో చిదమకుండా గిన్నెను అటూ ఇటూ కదుపుతూ ఉడికించండి. ముక్కలను, రసాన్ని మొదటి నుంచీ కలిపి మరిగిస్తే, రసం చిక్కబడేలోపు ముక్కలు మెత్తబడిపోతాయి. ఇనుప బాండలి మాత్రం వాడవద్దు, మామిడి పులుపుకు లోహపు వాసన పట్టి రంగు కూడా నల్లబడుతుంది. చల్లారిన కంపోట్‌ను ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు బాగుంటుంది. చక్కెర తక్కువ కనుక అంతకుమించి దాచుకోవద్దు.

మీరు వాడిన క్యూబులు ప్రాసెస్ చేసిన చీజ్, వాటిలో ఉప్పు ఎక్కువ, ఎంత తురిమినా వెన్నలా మారవు. ఇంట్లోనే లీటరు ఆవు పాలు కాచి, పొంగు రాగానే మంట తగ్గించి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని అంతే నీటిలో కలిపి కొద్దికొద్దిగా పోయండి. పాలు విరిగి, తేటగా ఆకుపచ్చ ఛాయ గల నీరు తేలగానే ఆపేసి, పది నిమిషాల తర్వాత పలుచని బట్టలో వడకట్టండి. పనీరుకు చేసినట్లు బరువు పెట్టి నొక్కకూడదు. పావుగంట నీరు కారనిచ్చి, ఇంకా తడిగా ఉండగానే చిటికెడు ఉప్పు, రెండు చెంచాల మీగడ వేసి మిక్సీలో నున్నగా తిప్పితే పూతకు కావలసిన మెత్తదనం వస్తుంది. ఎనుము పాలతోనూ చేయవచ్చు గానీ ఆ విరుగుడు గట్టిగా ఉంటుంది, మీగడ మరికొంత పడుతుంది. నిమ్మరసంతో విరిచే ఈ చీజ్‌లో పాలు విరవడానికి కొన్ని చీజ్‌లలో వాడే, జంతువుల నుంచి తీసే రెనెట్ అనే పదార్థం ఉండదు కనుక శాకాహారులకు సందేహం అక్కరలేదు. పాలు విరిచే తీరిక లేకపోతే చిక్కని పెరుగును బట్టలో మూటకట్టి ఆరేడు గంటలు నీరు ఓడ్చినా చక్కగా కుదురుతుంది. అయితే తిరుపతి ఎండల్లో ఆ మూటను వంటింట్లో వేలాడదీస్తే పులిసిపోతుంది, ఒక జల్లెడలో ఉంచి ఫ్రిజ్‌లోనే పెట్టండి.

ఇక బ్రెడ్. బేకరీలో ముక్కలు కోయని బ్రెడ్ తీసుకుని, ఒక రోజు ఆగి, వేలి మందాన కోయండి, ఎందుకంటే తాజా బ్రెడ్‌లో తేమ ఎక్కువగా ఉండి సరిగ్గా కాలదు. పెనం మీద వెన్న రాసి, సన్నని మంటపై రెండు వైపులా బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. కాలిన ముక్కను వెంటనే పళ్ళెంలో పరిస్తే దాని ఆవిరే అడుగున చేరి మెత్తబరుస్తుంది, కాబట్టి ఒక నిమిషం నిలువుగా ఆనించి ఉంచండి. తర్వాత చీజ్‌ను అంచుల దాకా మందంగా పూయండి. అందులోని కొవ్వు పండ్ల రసం బ్రెడ్‌లోకి దిగకుండా అడ్డుపడుతుంది. ముక్కలను చిల్లుల గరిటెతో తీసి పైన అమర్చి, చిక్కటి రసాన్ని ఒక్క చెంచా మాత్రమే చివరగా వేయండి.

ప్రశ్న: మామిడి కాలం అయిపోయాక ఏ పండ్లు వాడవచ్చు? అనాస, సీతాఫలం పనికివస్తాయా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అనాస చాలా బాగుంటుందండి, కానీ తప్పకుండా ఉడికించాలి. పచ్చి అనాసలోని ఎంజైము పాల మాంసకృత్తులను విడగొడుతుంది, దాంతో చీజ్ కాసేపటికి చేదెక్కి నీరు కారుతుంది. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. బొప్పాయి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గట్టి జామపండ్లు కూడా గింజలు తీసి, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి ఉడికిస్తే మంచి రుచి వస్తుంది. సీతాఫలాన్ని మాత్రం పొయ్యి ఎక్కించవద్దు, వేడికి దాని గుజ్జు చేదుగా మారుతుంది. గింజలు తీసిన పచ్చి గుజ్జునే తినే ముందు చీజ్ పైన వేసుకోవడం మేలు.

ప్రశ్న: దీన్ని పిల్లల టిఫిన్ డబ్బాలో పంపవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: చేసిన టోస్ట్‌ను అలాగే పంపితే మధ్యాహ్నానికి మెత్తబడుతుంది, ఎండాకాలంలో చీజ్ చెడిపోయే ప్రమాదమూ ఉంది. ఇంటికి వచ్చాక సాయంత్రం తినడానికే దీన్ని ఉంచండి. చీజ్, కంపోట్ ముందు రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, బ్రెడ్ కాల్చడానికి పట్టే ఐదు నిమిషాలే మిగులుతాయి.