‘హేరా’ అని పదిసార్లు అని చూడు

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

పేర్లు వస్తువులకు సహజంగానే కుదిరినవా, జనం ఒప్పందంతో పెట్టుకున్నవా అని సోక్రటీసు చర్చించే ప్లేటో సంభాషణ ‘క్రాటిలస్’ను సగంలో ఆపేశానని రాశావు. ‘మాటల పుట్టుకకు చెప్పిన ఈ వ్యుత్పత్తులన్నీ తప్పులే కదా, సిలబస్‌లో ఎందుకు పెట్టారు?’ అని విసుక్కున్నావు. చాలావరకు తప్పులే. అయినా పుస్తకం మూసేయకు. దాదాపు సగం సంభాషణ వాటితోనే నిండి ఉంది, వాటిని దాటేస్తే ఇంకేం చదువుతావు?

ముందు పైకి చదువు. ‘హేరా’ దేవత పేరు గబగబా పదిసార్లు అను. పక్కింటివాళ్లు ‘ఏరా, ఏరా’ అని ఎవర్ని పిలుస్తున్నావని అడిగినా సరే, ఆపకు. కాసేపటికి ‘ఆఏర్’ అని వినబడుతుంది. గ్రీకులో అది గాలి. పేరు పెట్టినవాడు మొదటి అక్షరాన్ని చివరికి తోసి అర్థాన్ని దాచాడంటాడు సోక్రటీసు. నవ్వొస్తే నవ్వు, ఆయనా నవ్వుతూనే చెబుతున్నాడు. ప్రోడికస్ అనే పండితుడి దగ్గర యాభై ద్రాక్మాల (గ్రీకు నాణేల) ఉపన్యాసం విని ఉంటే పేర్ల సంగతి ఇప్పుడే తేల్చేసేవాణ్ణి, నేను విన్నది ఒక్క ద్రాక్మాదే అనేది ఈ పెద్దమనిషే.

నవ్వాక మాత్రం ‘ఇది నిజమా?’ అని కాక, ‘మాటను ఇలా విరిస్తే ఏం దొరికింది?’ అని అడుగు. ‘సోమ’ అంటే శరీరం, ‘సేమ’ అంటే సమాధి. ఒక్క అచ్చు తేడా. ఆత్మను పూడ్చిన గొయ్యి శరీరం అని కొందరన్నారు. సేమకు ‘గుర్తు’ అనే అర్థం కూడా ఉంది కాబట్టి, ఆత్మ తన మాట తెలియజేసేది శరీరంతోనే అనీ చెప్పొచ్చు. ఆర్ఫియస్ అనే పురాణ గాయకుడి పేరు మీద నడిచిన మతంవాళ్ల లెక్కలో, శిక్ష తీరేదాకా ఆత్మను భద్రంగా ఉంచే చెరసాల అది. రెండు చిన్న మాటల మధ్య ఒంటి మీద మూడు అభిప్రాయాలు! చనిపోయినవాళ్ల లోకానికి దేవుడైన హేడీస్ సంగతీ అంతే. ఆ పేరుకు ‘కనిపించనివాడు’ అని అర్థం చెప్పుకుని జనం భయపడతారు. సోక్రటీసు దాన్ని ‘తెలుసుకోవడం’ అనే మాటవైపు తిప్పేస్తాడు. చావు భయం మీద వాదన అది, శ్లేష వేషంలో వచ్చింది.

దారి దొరకనప్పుడు ఏం చేస్తాడో కూడా గమనించు. ‘ప్యూర్’, అంటే నిప్పు, దగ్గర చిక్కుకుని, ఇది పరాయి భాష మాటేమో, గ్రీకులు కాని ఫ్రిజియన్లూ దాదాపు ఇలాగే అంటారు అంటాడు. అలా అనడం తప్పించుకునే ఎత్తేనని తర్వాత తనే ఒప్పుకుంటాడు.

ఒక్క జాగ్రత్త. ఎం.ఏ.లో నేను సత్యానికి గ్రీకు మాట ‘అలేథేయా’ను ‘మరుగుపడనిది’ అని విడగొట్టి, సత్యమంటే ఏమిటో తేలిపోయిందని నాలుగు పేజీలు రాశాను. మా మాస్టారు మార్జిన్‌లో ‘అయితే?’ అని ఒక్క మాట రాశారు. ఈ పుస్తకంలోనే అదే మాటకు ‘దైవిక సంచారం’ అని అర్థం చెప్పారని అప్పటికి నేను చూడనేలేదు. పేర్లను కాదు, వస్తువులనే చూసి నేర్చుకోవాలని సోక్రటీసు చివర్లో అంటాడు. పేర్లు సహజంగానే సరైనవనే క్రాటిలస్ మాత్రం తన పట్టు వదలకుండానే వెళ్లిపోతాడు.

వేదపదాల వ్యుత్పత్తులు చెప్పే యాస్కుడి నిరుక్తంతో పోలుస్తూ పేపర్ రాయాలని ఉందన్నావు. తర్వాత చూద్దాంలే, ముందు ఇది పూర్తి చెయ్యి. ఆదివారం ఫోన్ చేస్తాను, హేరా పదిసార్లు అన్నావో లేదో చెప్పాలి.

మీ పెదనాన్న