వంగలో నల్లికి ప్రొపార్గైట్ ఒక్కసారి కొడితే సరిపోతుందా?

మీరు అడిగినవి మూడు: వంగలో నల్లి (మైట్, అంటే ఆకు రసం పీల్చే, కంటికి సరిగా ఆనని చిన్న జీవి) ప్రొపార్గైట్ అనే నల్లిమందుకి పోతుందా, ఒక్కసారి కొడితే చాలా, కొట్టే మనిషికి ప్రమాదమా. వంగలోనూ మిరపలోనూ ఈ మందు వాడుతున్నవాడిగా చెప్తున్నాను.

నల్లికి ఇది మంచి మందే. కాకపోతే ఆకు పీల్చుకుని మొక్కంతా పాకించే రకం కాదు. తగిలిన నల్లి చస్తుంది, తగలనిది హాయిగా బతుకుతుంది. అది ఉండేదేమో ఆకు అడుగున, సన్నని దారాల గూడు కింద. ఆకుల పైన తడిపేసి వచ్చి మందు నకిలీ అని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి పట్టుకుని, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. నీళ్లు ఎక్కువే పడతాయి, టైమూ పడుతుంది. అందులో పిసినారితనం చేస్తే డబ్బంతా నేలపాలే.

కొట్టిన మర్నాడే నల్లి ఇంకా కదులుతోందని టెన్షన్ పడకండి. ఈ మందు నల్లి కణాల్లో శక్తి తయారీని అడ్డుకుంటుంది. ముందు రసం పీల్చడం మానేస్తుంది, తర్వాత కొన్ని రోజులకు చస్తుంది.

ఇక అసలు చిక్కు గుడ్లతో. ప్రొపార్గైట్ గుడ్ల మీద పెద్దగా పనిచేయదు. భూతద్దం పెట్టి ఆకు అడుగున చూడండి, ఈనె పక్కన గుండ్రంగా, అద్దంలా మెరుస్తూ కనిపిస్తాయి. ఎండలు ముదిరి గాలి పొడిగా ఉంటే గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం, కాస్త అటూ ఇటూ. అందుకే వారం తర్వాత మళ్లీ చూడాల్సిందే. ఆకు కింద తెల్లకాగితం పట్టి రెండు దెబ్బలు కొట్టండి. కాగితం మీద చుక్కలు నడుస్తుంటే, వేలితో నలిపితే ఎర్రటి మరక పడుతుంటే, రెండో పిచికారీ కావాలి. అప్పుడు మళ్లీ ఇదే మందు వద్దు. స్పైరోమెసిఫెన్ లాంటి వేరే తరహా మందు కొట్టండి, అది గుడ్లు, పిల్లల మీద బాగా పనిచేస్తుంది. ఒకే మందు పదేపదే కొడితే దానికి లొంగని నల్లే మిగిలి, పెరుగుతుంది.

ఇంకొకటి. కాయతొలుచు పురుగు కోసం సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ పురుగుమందులు ఎడాపెడా కొట్టి ఉంటే, మీ నల్లికి అదే కారణం కావచ్చు. నల్లిని తినే మిత్రపురుగులు ముందు పోతాయి. నల్లికి ఎనిమిది కాళ్లు, అది సాలీడు కులం. మామూలు పురుగుమందులు చాలావరకు దాన్ని ఏమీ చేయవు.

బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపి చేసే తెగులు మందు), సున్నం లాంటి క్షార గుణమున్న వాటితో కలపకండి, మందు త్వరగా విరిగిపోతుంది. నూనె మందులు కొట్టిన తోటలో రెండు మూడు వారాలు ఆగండి, లేకపోతే ఆకు మాడుతుంది. వేపనూనెకీ నేను అదే లెక్క పాటిస్తాను. లేత చిగుళ్ల మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో కొట్టకపోవడం మేలు.

ప్రమాదం సంగతి. కడుపులోకి పోతే కలిగే విషం కొన్ని పాత మందులతో పోలిస్తే తక్కువే. కానీ కంటికీ చర్మానికీ ఇది మహా చెడ్డది. మా దగ్గర పనిచేసే అబ్బాయి డబ్బా మూత తీసిన చేత్తోనే కన్ను నలుపుకున్నాడు. చాలాసేపు నీళ్లతో కడిగించి ఆసుపత్రికి తీసుకెళ్లినా, ఎరుపు తగ్గడానికి రోజులు పట్టింది. 1986లో కాలిఫోర్నియాలో ఈ మందు కొట్టిన తోటల్లో నారింజలు కోసిన కూలీలు చాలామందికి చర్మం మీద దద్దుర్లు, బొబ్బలు వచ్చాయి. వాళ్లు మందు కొట్టినవాళ్లు కాదు, కాయలు కోసినవాళ్లు! అందుకే కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ముఖ్యంగా చిక్కటి మందు కొలిచి పోసేటప్పుడు. తడి ఆకుల్లోకి కోతకు ఎవరినీ పంపొద్దు.

ఎలుకల మీద చేసిన పరీక్షల్లో పేగుల్లో కణితులు వచ్చాయని అమెరికా పర్యావరణ సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చింది. 1996లో అక్కడ యాపిల్, స్ట్రాబెర్రీ లాంటి కొన్ని పంటల మీద వాడకం ఆపేశారు. కాబట్టి లేబుల్ మీద మీ పంట పేరు ఉందో లేదో మొదట చూడండి. మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు కూడా అక్కడే ఉంటాయి. వంగలో కోతలు వెంటవెంటనే వస్తాయి కదా, పక్వానికి వచ్చిన కాయలన్నీ కోసేసి, ఆ తర్వాతే కొట్టండి. ట్యాంకు కడిగిన నీళ్లు చెరువు వైపు పోనివ్వకండి, చేపలు చస్తాయి.