స్కేటింగ్ పార్కులో దెబ్బ తగిలితే బాధ్యత ఎంతవరకు?

స్కేట్‌బోర్డు, సైకిల్ విన్యాసాల పార్కులు కట్టే పురపాలక సంస్థలకు అక్కడ జరిగే గాయాల విషయంలో నష్టపరిహార బాధ్యత నుంచి చట్టపరమైన రక్షణ ఇవ్వవచ్చా, అలా ఇస్తే పిల్లలకు అన్యాయం జరగదా అని మీరు అడిగారు. ఇవ్వాలన్నదే నా సమాధానం. అయితే ఆ రక్షణ ఆటలో సహజంగా ఉండే ప్రమాదానికి మాత్రమే వర్తించాలి. కట్టడంలోని లోపానికీ, మరమ్మతు చేయకుండా వదిలేసిన నిర్లక్ష్యానికీ వర్తించకూడదు. గుంటూరులో సివిల్ వ్యాజ్యాలు నడిపే న్యాయవాదిని కనుక తీర్పులు చదవడం నాకు నిత్యకృత్యమే కానీ, ఈ అభిప్రాయం నాలో గట్టిపడింది ఒక కాలనీ సమావేశంలో.

విజయవాడకూ గుంటూరుకూ మధ్య, జాతీయ రహదారికి దగ్గరలో ఉన్న కాలనీ అది. లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకు వదిలిన ఖాళీ స్థలంలో నివాసుల సంఘం వారు చందాలు వేసుకుని నడకదారి, దాని పక్కనే సిమెంటు స్కేటింగ్ రింకు కట్టించుకున్నారు. చక్రాల బూట్లతో మొదలుపెట్టిన పిల్లలు, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 13 ఏళ్ల ఆడపిల్లలు స్కేట్‌బోర్డు మీద పతకాలు గెలవడం చూశాక ఇంట్లో పోరుపెట్టి బోర్డులు కొనిపించుకున్నారు. కొంచెం పెద్ద పిల్లలు సైకిళ్లు తెచ్చి, రింకు చుట్టూ ఉన్న గట్టు మీదికి ఎగిరించడం నేర్చుకుంటున్నారు. ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లవాడు బోర్డు మీద తిన్నగా వెళ్తూ ముందుకు తూలిపడ్డాడు. పడుతూ చేతులు ఆనించడంతో మణికట్టు ఎముక విరిగింది. అతను ఏ విన్యాసమూ చేయడం లేదు. రెండు సిమెంటు పలకల మధ్య నింపిన తారు ఊడిపోయి అక్కడ సందు ఏర్పడింది. స్కేట్‌బోర్డు చక్రం వ్యాసం 50 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది కాబట్టి, సైకిలు సులువుగా దాటిపోయే సందులో కూడా అది తట్టుకుని ఆగిపోతుంది. పైన నిలబడ్డ పిల్లవాడు మాత్రం అదే వేగంతో ముందుకు పడతాడు.

ఆ వారాంతంలో సంఘం వారు నన్ను న్యాయ సలహా కోసం పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి అందరూ కూర్చున్నారు. రింకుకు తాళం వేయాలన్న తీర్మానం అప్పటికే రాసి ఉంది, సంతకాలే మిగిలాయి. అందరికంటే ముందుగా దాన్ని వ్యతిరేకించింది ఆ పిల్లవాడి తల్లి. "మావాడి చెయ్యి ఇంకో నెలకి అతుక్కుంటుందండీ. నేను ఎవర్నీ ఒక్క రూపాయి అడగలేదు, అడగను కూడా. మీరు ఈ గేటు మూసేస్తే ఈ పిల్లలంతా ఎక్కడికి పోతారో అది చెప్పండి నాకు" అన్నారు. సంఘం అధ్యక్షులు పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఆయన కోపం లేకుండానే, "అమ్మా, నువ్వు అడగవు, సరే. రేపు ఇంకెవరి బిడ్డకో తల పగిలితే వాళ్లు అడగరని నాకు ఎవరు రాసిస్తారమ్మా?" అన్నారు. ఆ ప్రశ్నకు మన చట్టంలో తేటతెల్లమైన జవాబు లేదు. సందు పూడ్చడానికి ఒక మేస్త్రీకి ఒక పూట పని చాలునని నేను చెప్పాను. అయినా తీర్మానం నెగ్గింది, తాళం పడింది. ఆ పిల్లలు ఆట మానలేదు. తెల్లవారుజామున రహదారి పక్కన సర్వీసు రోడ్డు మీద, పాల వ్యాన్లూ ఇసుక లారీలూ తిరిగే చోట, అవే బోర్డులతో తిరగడం నేను కళ్లారా చూశాను. తాళం వేసిన సంఘానికి ఆ రోడ్డు మీద జరిగేదానితో చట్టరీత్యా సంబంధం లేదు. బాధ్యత భయం వల్ల పిల్లలకు జరిగే అసలు కీడు ఇదే. సొంత చందాలతో కట్టుకున్న సంఘమే ఇంత భయపడితే, ప్రజాధనం ఖర్చుపెట్టి సంతకం చేయవలసిన పురపాలక కమిషనరు ముందుకు రావాలని మనం ఎలా ఆశిస్తాం?

మన న్యాయస్థానాల తీర్పులు ఈ భయాన్ని తగ్గించేలా లేవు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో, దాని బాగోగులు చూడవలసిన పురపాలక సంస్థే బాధ్యురాలని సుప్రీంకోర్టు 1966లో తేల్చింది. రాజ్‌కోట్‌లో కార్యాలయానికి నడిచి వెళ్తున్న ఉద్యోగి మీద రోడ్డు పక్క చెట్టు పడి చనిపోతే, అక్కడి పురపాలక సంస్థకు బాధ్యత లేదని అదే న్యాయస్థానం 1997లో చెప్పింది. ప్రభుత్వాలకు సార్వభౌమ రక్షణ ఉందన్న, అంటే ప్రభుత్వం మీద నష్టపరిహార దావా చెల్లదన్న పాత వాదన కూడా 1994లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన నాగేంద్రరావు కేసుతో చాలావరకు బలహీనపడింది; జప్తు చేసిన ఎరువులు పాడైపోతే ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించవలసిందేనని ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పులన్నీ వాటి సందర్భాల్లో సమంజసమైనవే కావచ్చు. కానీ స్కేటింగ్ వాలు మీద పడిన పిల్లవాడి విషయంలో న్యాయస్థానం ఏ దారి పడుతుందో ముందుగా చెప్పగల న్యాయవాది లేడు. ఎటూ తెలియని చోట అధికారి పార్కు కట్టకపోవడాన్నే ఎంచుకుంటాడు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ చిక్కును 1990ల చివరలోనే పరిష్కరించుకుంది. నిర్ణీత వయసు దాటినవారు ప్రభుత్వ పార్కులో స్కేట్‌బోర్డు మీద విన్యాసాలు చేయడాన్ని ప్రమాదంతో కూడిన వినోదంగా చట్టం ప్రకటించింది. అంటే ఆ ఆటలో ఉండే ప్రమాదానికి ఆడేవారే బాధ్యులు. బదులుగా శిరస్త్రాణం, మోచేతి కవచాలు, మోకాలి కవచాలు తప్పనిసరి అన్న నిబంధన పెట్టి, దాన్ని పార్కు దగ్గర హెచ్చరిక బోర్డు మీద రాయాలి. తెలిసిన గాయాలన్నిటినీ స్థానిక సంస్థ నమోదు చేయాలి. 2016 నుంచి ఆ చట్టం సైకిళ్లు, కాలితో తోసుకుంటూ నడిపే స్కూటర్లు, చక్రాల బూట్ల వంటి వాటికీ విస్తరించింది. ఫ్లోరిడా చట్టం కూడా స్కేట్‌బోర్డుతో పాటు సైకిల్ విన్యాసాలను చేర్చుకుంది. రెండు చోట్లా, ఆడేవారికి కనిపించని ప్రమాదం గురించి హెచ్చరించకపోయినా, ఘోరమైన నిర్లక్ష్యం చూపినా స్థానిక సంస్థ తప్పించుకోలేదు. నేను చెప్పిన పిల్లవాడి మణికట్టును ఈ కొలతతో చూడండి. గట్టు మీది నుంచి దూకి విరగ్గొట్టుకుని ఉంటే అది ఆటలో భాగం. ఊడిపోయిన తారు వల్ల విరిగింది కనుక, ఆ సందు సంగతి తెలిసీ పూడ్చకుండా, హెచ్చరించకుండా వదిలేసి ఉంటే అది నిర్వహించేవారి బాధ్యతే. ఈ రెండింటి మధ్య గీత గీయని చట్టం నాకు వద్దు.

ఇక్కడ అమెరికా నమూనా మనకు సరిపోని విషయం ఒకటి ఉంది. మన అధికారులను నష్టపరిహార దావా పెద్దగా భయపెట్టదు. అది ఏళ్ల తరబడి నడుస్తుంది, చెల్లించేది సంస్థ ఖజానా. వారిని నిజంగా భయపెట్టేది పోలీసు కేసు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవించిందని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు పెడితే అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు, అది వ్యక్తి మీద పడుతుంది, సంస్థ మీద కాదు. ఒక పసిప్రాణం పోయినప్పుడు ఊరి ఆగ్రహం చల్లార్చడానికి కింది స్థాయి ఇంజనీరును సస్పెండ్ చేయడం మనకు అలవాటైపోయింది. కాబట్టి ఇక్కడ చట్టం చేస్తే, నిర్ణీత ప్రమాణాల ప్రకారం కట్టి, తనిఖీలు సక్రమంగా చేసిన ఉద్యోగిని స్వతంత్ర సాంకేతిక నివేదిక రాకుండా నిందితుడిగా చేర్చరాదన్న నిబంధన అందులో ఉండి తీరాలి. అది లేని రక్షణ కాగితం మీదే ఉంటుంది.

గాయమైతే దావా వేయబోమని తల్లిదండ్రుల దగ్గర హామీ పత్రాలు తీసుకుంటే సరిపోతుందా అని చాలామంది నన్ను అడుగుతారు. మైనరు కుదుర్చుకున్న ఒప్పందం చెల్లదని 1903 నుంచి మన చట్టం స్థిరంగా చెబుతోంది. తండ్రి సంతకం తండ్రిని కట్టిపడేయవచ్చు కానీ, పిల్లవాడి హక్కు దానితో రద్దవుతుందని నేను ఏ కక్షిదారుకూ భరోసా ఇవ్వను. పైగా పిల్లవాడు మేజరయ్యాక దావా వేసుకునేందుకు కాలపరిమితి చట్టం 6వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. "యాజమాన్యం బాధ్యత వహించదు" అని ప్రతి ఈతకొలను దగ్గరా వేలాడే బోర్డులు కూడా అంతంతమాత్రమే. హెచ్చరికగా వాటికి విలువ ఉంది, నిర్లక్ష్యాన్ని కడిగేసే శక్తి లేదు.

బాధ్యతను పరిమితం చేస్తే పేదింటి పిల్లవాడి వైద్యం ఖర్చు ఎవరు పెడతారన్న మీ సందేహం న్యాయమైనది, దానికి జవాబు చెప్పకుండా ఈ చట్టాన్ని సమర్థించడం నాకు ఇష్టం లేదు. న్యూజిలాండ్‌లో 1974 నుంచి తప్పు ఎవరిదన్న వాదనతో నిమిత్తం లేకుండా ప్రమాద బాధితులకు చికిత్స, పరిహారం అందుతున్నాయి. దానికి ప్రతిగా గాయం పేరిట పరిహారం కోసం దావా వేసే హక్కును చాలావరకు తీసివేశారు. అంత పెద్ద పథకం మన పట్టణాలకు అక్కర్లేదు. పార్కులో పేరు నమోదు చేసుకున్న ప్రతి పిల్లవాడికీ స్థానిక సంస్థే సామూహిక ప్రమాద బీమా చేయించి, ఆ ప్రీమియాన్ని పార్కు నిర్వహణ ఖర్చులో మొదటి పద్దుగా చూపాలి. దావా వేసి పదేళ్లకు వచ్చే డిక్రీ కంటే, ఎముక విరిగిన రాత్రి ఆసుపత్రిలో చెల్లే కార్డే ఆ కుటుంబానికి కావాలి.

మీ కాలనీలోనూ ఇలాంటి రింకు ఉండి, చట్టం వచ్చేదాకా దాని గేటు తెరిచి ఉంచాలనుకుంటే చేయగలిగిన పని ఉంది. తనిఖీ రిజిస్టరు ఒకటి పెట్టండి. వారానికోసారి ఇద్దరు సభ్యులు రింకంతా నడిచి, అతుకులు, పగుళ్లు, ఇసుక, నీటి మరకలు చూసి తేదీతో సంతకం చేయాలి. లోపం కనిపిస్తే అది సరిచేసేవరకు ఆ భాగం చుట్టూ తాడు కట్టి తెలుగులో హెచ్చరిక రాయాలి. మేస్త్రీకి ఇచ్చిన కూలి రసీదు కూడా అదే పుస్తకంలో అతికించండి. దావా గనక వస్తే, మీరు జాగ్రత్త తీసుకున్నారని న్యాయమూర్తికి చూపడానికి నేను మొట్టమొదట మీ చేతిలోంచి అడిగి తీసుకునేది ఆ పుస్తకాన్నే.